బిల్ టియర్నీ అనే లక్రాస్ కోచ్ గురించి తెలిసినవాళ్ళున్నారా? ప్రిన్స్‌టన్ వదిలేసి డెన్వర్ ఎందుకొచ్చినట్టు?

కొలరాడో_కాపురం:

అందరికీ నమస్తే. మేం డెన్వర్ సబర్బ్‌లో ఉంటాం, మా పెద్దాడు టెన్త్ గ్రేడ్. చిన్నప్పుడు శనివారం వస్తే క్రికెట్‌కి తీసుకెళ్ళేవాణ్ణి, మిడిల్ స్కూల్‌లో ఎవరో ఫ్రెండ్ చేతిలో వల కట్టిన కర్ర చూసి అటు పోయాడు, అదే లక్రాస్. నాలుగు రోజుల సరదాలే అనుకున్నాం గానీ ఇప్పుడు రోజూ సాయంత్రం గరాజ్ గోడకేసి బంతి కొట్టడం పట్టుకోవడం, కుడిచేత్తో కాసేపు ఎడంచేత్తో కాసేపు, పక్కింటాయన ఒకసారి వచ్చి చాలా మర్యాదగా అడిగాడు కూడా, మీవాడు పడుకునేది ఎన్నింటికండీ అని.

అది సరే. మొన్న కాలేజీల గురించి మాట్లాడుతుంటే కంప్యూటర్ సైన్సా ఇంకోటా అని నేనడుగుతున్నా, వాడు మాత్రం తర్వాత కోచ్ అవుతా నాన్నా అన్నాడు. కోచ్ అంటే మన పీఈటీ సారు లాగానా అన్నా. వాడికి కోపం వచ్చి, బిల్ టియర్నీ ఎవరో తెలుసుకుని అప్పుడు మాట్లాడు అన్నాడు. చదివితే ఏడు నేషనల్ టైటిల్స్, ప్రిన్స్‌టన్‌లో ఆరు మా డెన్వర్ యూనివర్సిటీలో ఒకటి, 2023 సీజన్ అయ్యాక కాలేజీ కోచింగ్ నుంచి రిటైర్. గొప్పే, కాదన్లేదు. కానీ ప్రిన్స్‌టన్‌లో ఇరవై ఏళ్ళు పైనే ఉండి, అన్ని టైటిల్స్ కొట్టి, అరవై దగ్గర పడుతున్న వయసులో మూటా ముల్లె సర్దుకుని ఎవరూ గెలవని చోటికి ఎందుకొచ్చాడో నాకెక్కలేదు. మన ఇళ్ళల్లో ఎవరైనా ఇలా చేస్తే ఊరుకుంటామా. ఇంకోటి, ఇలాంటి కెరీర్ అసలు ఎక్కడ మొదలవుద్ది, మావాడు నిజంగా అటే పోతే ఏం చూసుకోవాలి? ఆట తెలిసినవాళ్ళు చెప్పండి, నాకు రూల్స్ కూడా అంతంత మాత్రమే.

ఎడిసన్_పాతకాపు:

అబ్బో ఈ ఫోరంలో టియర్నీ పేరు వినపడుద్దని అనుకోలేదండీ. నేను తొంభైల చివర్లో న్యూజెర్సీ వచ్చా, మా టీమ్ లీడ్ ఒకాయన ప్రిన్స్‌టన్‌లో చదివినోడు, లంచ్‌లో ఈయన గురించి తప్ప ఇంకోటి మాట్లాడేవాడు కాదు, అలా అంటుకుంది నాకు.

మొదట్నుంచీ చెప్తా. టియర్నీది లాంగ్ ఐలాండ్‌లో లెవిట్‌టౌన్. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఒకే మూసలో ఇళ్ళు కట్టి అమ్మిన ఊరు, మామూలు ఉద్యోగాలు చేసుకునే వాళ్ళ ఊరు. చదివింది కోర్ట్‌లాండ్, న్యూయార్క్ స్టేట్ కాలేజీ, టీచర్లని అందులోనూ పీఈ టీచర్లని తయారుచేయడానికి పేరున్న కాలేజీ. కాబట్టి మీరు పీఈటీ సారు అన్నారే, మీవాడికి కోపం వచ్చినా మొదలు అక్కడే. లాంగ్ ఐలాండ్ హైస్కూళ్ళలో కోచింగ్ చేసి, తర్వాత రోచెస్టర్‌లో ఆర్ఐటీ అనే చిన్న డివిజన్ త్రీ టీమ్‌కి హెడ్ కోచ్ అయ్యాడు (కాలేజీ ఆటల్లో మూడు మెట్లుంటాయి, వన్ పైది, త్రీ కిందది). ఇప్పుడు అసలు సంగతి చూడండి, అక్కడ హెడ్ కోచ్ కుర్చీ వదిలేసి జాన్స్ హాప్కిన్స్‌కి అసిస్టెంట్‌గా వెళ్ళాడు. కిందకి దిగినట్టు కనపడుద్ది గానీ హాప్కిన్స్ అంటే అప్పట్లో ఈ ఆటకి తిరుపతి. డిఫెన్స్ ఈయన చూసుకునేవాడు, 1985లో 1987లో హాప్కిన్స్ నేషనల్ టైటిల్స్ కొట్టింది. అంటే మంచి చోటు వదిలేసి ఇంకో చోటికి పోవడం ఆయనకి డెన్వర్‌తో మొదలైన జబ్బు కాదు.

ప్రిన్స్‌టన్ వాళ్ళు పిలిచింది ఆ 1987 టైటిల్ తర్వాత. పేరు పెద్దదే గానీ లక్రాస్ టీమ్ అడుగున ఉంది. మొదటి సీజన్ 1988, రెండు గెలిచి పదమూడు ఓడారు. రెండు! పైగా ఐవీ లీగ్‌లో, అంటే ప్రిన్స్‌టన్, హార్వర్డ్, యేల్ లాంటి యూనివర్సిటీల లీగ్‌లో, ఆటకని స్కాలర్‌షిప్ ఇవ్వరు, చదువులో మార్కులు ఉండాలి, ఫీజు ఇంట్లోవాళ్ళు చూసుకోవాలి లేదా అవసరాన్ని బట్టి ఇచ్చే ఎయిడ్ రావాలి. అలాంటి చోట కూర్చుని ఇంటింటికీ పోయి మీవాణ్ణి ఇవ్వండి మనం నేషనల్ టైటిల్ కొడతాం అని చెప్పేవాడట, మా టీమ్ లీడ్ ఈ ముక్క చెప్పేటప్పుడు గొంతు మారేది. ఎంత పెద్ద మాటో తెలియాలంటే ఒక లెక్క చూడండి. 1978 నుంచి 1991 దాకా పద్నాలుగేళ్ళు డివిజన్ వన్ టైటిల్ మూడంటే మూడు స్కూళ్ళ మధ్యే తిరిగింది, హాప్కిన్స్, నార్త్ కరొలైనా, సిరక్యూస్. నాలుగోవాడికి చోటే లేదు. 1990లో ప్రిన్స్‌టన్ మొదటిసారి ఎన్సీఏఏ (కాలేజీ ఆటలు నడిపే సంస్థ) టోర్నమెంట్‌కి, అంటే నేషనల్ టైటిల్ తేల్చే పోటీకి, వెళ్ళి మొదటి మ్యాచ్‌లో ఎవర్ని ఓడించింది, హాప్కిన్స్‌నే, ఈయన పాత ఇంటినే. రెండేళ్ళకి 1992 ఫైనల్ ఫిలడెల్ఫియాలో సిరక్యూస్‌తో, తొమ్మిది తొమ్మిది సమం, ఒక ఓవర్‌టైమ్ అయింది తేలలేదు, రెండో ఓవర్‌టైమ్ ఫేసాఫ్ (ఆట మొదలెట్టేటప్పుడు బంతి కోసం ఇద్దరు పోటీపడేది) గెలిచి ఆండీ మో తొమ్మిది సెకన్లలో గోల్ కొట్టేశాడు. అయిపోయింది.

అక్కణ్ణుంచి 1994, 1996, 1997, 1998, 2001. వీటిలో 94, 96, 2001 కూడా ఓవర్‌టైమ్‌లోనే, అన్నీ ఒక్క గోల్ తేడా. 98, 2001 ఫైనల్స్ రెండూ మన పిస్కాటవేలో రట్గర్స్ స్టేడియంలో జరిగాయి, ఎడిసన్ నుంచి పది నిమిషాలు. 2001ది మా టీమ్ లీడ్ తీసుకెళ్తే చూశా. ప్రిన్స్‌టన్ గోల్‌కీపర్ ఎవరో తెలుసా, ట్రెవర్ టియర్నీ, కోచ్ గారబ్బాయి. సిరక్యూస్ వాళ్ళు చివరి క్షణాల్లో సమం చేసేశారు, మా పక్కన కూర్చున్నావిడ పర్సు ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసేసుకుంది, ఓవర్‌టైమ్‌లో బి.జె. ప్రేగర్ గోల్ కొట్టాడు, పది తొమ్మిది. తండ్రి కోచ్, కొడుకు కీపర్, అంత పెద్ద మ్యాచ్. మీకు ఆట తెలియకపోయినా ఆ రోజు అక్కడ ఉంటే ఒళ్ళు జలదరించేది.

లాంగ్‌పోల్_తమ్ముడు:

అంకుల్ సూపర్ రాశారు. నేను మేరీలాండ్‌లో పుట్టి పెరిగా, హైస్కూల్లో డిఫెన్స్ ఆడా, నా తెలుగు టైపింగ్ క్షమించండి, అమ్మ సరిచేసింది కొంచెం.

కొలరాడో అంకుల్, రూల్స్ అంతంత మాత్రం అన్నారు కదా, కొంచెం చెప్తా, లేకపోతే టియర్నీ గొప్పేంటో తెలీదు. ఒక్కో టీమ్‌కి పది మంది, గోల్‌కీపర్, ముగ్గురు డిఫెన్స్, ముగ్గురు మిడ్‌ఫీల్డ్, ముగ్గురు అటాక్. గోల్ ఆరడుగుల ఎత్తు ఆరడుగుల వెడల్పు. గోల్ వెనక కూడా గ్రౌండ్ ఉంటుంది, అక్కణ్ణుంచీ ఆడొచ్చు, ఇది సాకర్‌లో లేదు. అందుకే డిఫెన్స్ చాలా కష్టం, నువ్వు నీ మనిషిని చూస్తుంటే బంతి నీ వెనక ఉంటుంది.

ఇప్పుడు ఎవడో ఒక అటాకర్ తన డిఫెండర్‌ని దాటేశాడు అనుకోండి. పక్కనున్న డిఫెండర్ తన మనిషిని వదిలేసి వాడి మీదకి వెళ్ళాలి, దాన్ని స్లైడ్ అంటారు. మరి వాడు వదిలేసినోణ్ణి ఎవరు చూస్తారు, ఇంకొకడు జరగాలి, వాడి చోటులోకి మరొకడు. మన పెళ్ళి భోజనాల్లో వడ్డించేవాళ్ళు ఉంటారు కదా, ఒకాయన సాంబారు బకెట్ నింపుకోడానికి పోతే పక్క వరసాయన ఏమీ అడక్కుండా ఈ వరస కూడా చూసుకుంటాడు, ఎవరూ అరవరు, ఎవరి ఆకూ ఖాళీగా ఉండదు, అలా. ఎవరు ఎప్పుడు స్లైడ్ అవ్వాలి, ఎంత తొందరగా, ఎటు నుంచి, ఇదంతా ముందే అనుకుని ఆరుగురూ కలిసి కదిలేలా చేయడం, టియర్నీకి పేరొచ్చింది దీంతో. ఇప్పుడు హైస్కూల్ కోచ్‌లు కూడా ఈ భాషే మాట్లాడతారు. మా కోచ్ ప్రాక్టీస్‌లో బంతే ఇచ్చేవాడు కాదు కొన్ని రోజులు, ఉత్త కాళ్ళతో జరగడమే, మాకు పిచ్చెక్కేది.

టియర్నీ దగ్గర ఆడిన డేవిడ్ మారో అని డిఫెండర్ ఒకడు, డెట్రాయిట్ వైపు నుంచి వచ్చాడు, వాడు కొట్టే దెబ్బలకి అల్యూమినియం కర్రలు వంగిపోయేవి. వాళ్ళ నాన్నది లోహపు గొట్టాలు చేసే వ్యాపారం, ఇద్దరూ కలిసి టైటానియంతో కర్ర చేశారు, వారియర్ కంపెనీ అలా పుట్టింది. మీ అబ్బాయి చేతిలో కర్ర మీద ఆ పేరు ఉందేమో చూడండి, చాలా ఛాన్స్ ఉంది.

మొహమాటంలేదు:

అందరూ భజన చేస్తున్నారు, ఎవరో ఒకరు రెండో వైపు కూడా చెప్పాలి కదా. ప్రిన్స్‌టన్ అనే పేరు ఉంటే చాలు సగం పని అయిపోతుంది. లాంగ్ ఐలాండ్‌లోనో బాల్టిమోర్ ప్రైవేట్ స్కూల్లోనో చదివే డాక్టర్ గారబ్బాయికి ప్రిన్స్‌టన్ సీటు వస్తుందంటే తల్లిదండ్రులు టైటిల్ సంగతి అడుగుతారా? కోచ్ చెప్పిన స్లైడులే పనిచేశాయా లేక పిల్లలే మంచివాళ్ళా. పైగా అప్పట్లో షాట్ క్లాక్, అంటే ఇన్ని సెకన్లలోపు గోల్ మీదకి కొట్టాలనే గడువు, లేదు, మగవాళ్ళ కాలేజీ ఆటలోకి 80 సెకన్ల క్లాక్ వచ్చింది 2019లో, అంతకుముందు బంతి దగ్గర పెట్టుకుని చాలాసేపు తిప్పొచ్చు, తక్కువ గోల్స్‌తో మ్యాచ్ లాగించెయ్యొచ్చు.

రెండోది. కొలరాడో గారూ మీవాడు టియర్నీని చూపిస్తున్నాడు, బానే ఉంది, సినిమాల్లోకి పోతానన్న ప్రతివాడూ చిరంజీవినే చూపిస్తాడు. డివిజన్ వన్‌లో మగవాళ్ళ టీములు మొత్తం కలిపి డెబ్భై పైచిలుకు. అన్నే హెడ్ కోచ్ ఉద్యోగాలు. వాటి కింద అసిస్టెంట్లు, కొన్ని చోట్ల వాలంటీర్లు, మూడేళ్ళకో ఊరు, పెళ్ళాం పిల్లలు సూట్‌కేసుల్లో. హెడ్ కోచ్ మారితే కింద వాళ్ళందరూ ఉద్యోగం వెతుక్కోవాలి. జీతం ఫుట్‌బాల్ బాస్కెట్‌బాల్ కోచ్‌లకి వచ్చినట్టు రాదు, ఈ ఆట టీవీ డబ్బులు తెచ్చేది కాదు. మీరు ముప్పై ఏళ్ళ ఇంటి లోన్ కడుతున్న మనిషి, ఆలోచించుకోండి.

ఎడిసన్_పాతకాపు:

మొహమాటంలేదు గారూ, రెండోది ఒప్పుకుంటా, మొదటిది ఒప్పుకోను. ప్రిన్స్‌టన్ పేరు 1988లోనూ ఉంది కదా, 1978లోనూ ఉంది కదా, మరి రెండు గెలిచి పదమూడు ఎందుకు ఓడారు? హార్వర్డ్‌కీ యేల్‌కీ పేరు లేదా, తొంభైల్లో వాళ్ళెందుకు గెలవలా? పేరుతో సీటుకి జనం వస్తారు, అందులో ఎవణ్ణి తీసుకోవాలో ఎవడు నాలుగేళ్ళు నిలబడతాడో చూసుకునేది మనిషే. 1992 టైటిల్ టీమ్ గోలీ స్కాట్ బాసిగలూపో, 92లోనూ 94లోనూ టోర్నమెంట్ బెస్ట్ ప్లేయర్. అలాంటి గోలీ వెనకుంటే ముందున్న డిఫెన్స్‌కి ధైర్యం వేరు. ఆ గోలీని ఎంచి తెచ్చుకున్నది ఎవరు మరి.

షాట్ క్లాక్ సంగతి అంటారా, 1997 ఫైనల్లో మేరీలాండ్ మీద పంతొమ్మిది ఏడు. పంతొమ్మిది గోల్స్ కొట్టినోళ్ళని లాగించేశారు అంటే ఎలాగండీ. జెస్సీ హబ్బర్డ్, జాన్ హెస్, క్రిస్ మాసీ, ముగ్గురు అటాకర్లు మూడేళ్ళు కలిసి ఆడి మూడు టైటిల్స్ పట్టుకుపోయారు. ఒకడు ఫిరంగి, ఒకడు పాస్ ఇచ్చేవాడు, ఒకడు ఇద్దరికీ మధ్య తిరిగేవాడు. అటాక్ సంగతి అసిస్టెంట్ డేవిడ్ మెట్జ్‌బవర్‌కి అప్పజెప్పి ఈయన డిఫెన్స్ చూసుకునేవాడు. తనకి రానిది వచ్చినోడిని పక్కన పెట్టుకోవడం, వాణ్ణి ఏళ్ళ తరబడి నిలుపుకోవడం, మన ఆఫీసుల్లో మేనేజర్లు ఎంతమందికి వచ్చండీ ఇది.

అదే 1998లో అమెరికా టీమ్‌కి కూడా ఆయనే కోచ్. బాల్టిమోర్‌లో వరల్డ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్, కెనడా మీద పదిహేను పద్నాలుగు, అదీ ఓవర్‌టైమే. ఈయన మ్యాచులు చూడాలంటే బీపీ మాత్ర జేబులో పెట్టుకోవాలి.

లాంగ్‌పోల్_తమ్ముడు:

డెన్వర్ సంగతి ఎవరూ చెప్పలేదు, అంకుల్ అడిగింది అదే కదా.

2009లో వచ్చాడు, మొదటి సీజన్ 2010. అప్పటిదాకా ఎన్సీఏఏ డివిజన్ వన్ టైటిల్ గెలిచిన ప్రతి టీమూ ఈస్ట్ వైపుదే, మిసిసిపీ నది దాటి పడమటికి ట్రోఫీ పోలేదు. డెన్వర్‌కి ఆట మీద శ్రద్ధ ముందే ఉంది, లక్రాస్ కోసమే కట్టిన చిన్న స్టేడియం, పీటర్ బార్టన్ స్టేడియం, 2005 నుంచే ఉంది. లేనిది ఆ స్థాయి ఆట. నా ఉద్దేశం ప్రకారం ప్రిన్స్‌టన్‌లో ఇంకో టైటిల్ కొడితే ఏడోది అవుతుంది, అంతే. ఇక్కడ కొడితే ఆట మ్యాప్ మారిపోతుంది. మగవాళ్ళ డివిజన్ వన్‌లో రెండు వేరు వేరు స్కూళ్ళతో టైటిల్ గెలిచిన కోచ్ ఆయనకి ముందు ఎవరూ లేరు.

నాకు నచ్చింది ఏంటంటే ప్రిన్స్‌టన్ ఫార్ములాని ఇక్కడికి మోసుకురాలేదు. కెనడా అబ్బాయి మ్యాట్ బ్రౌన్‌కి అటాక్ అప్పజెప్పాడు. కెనడాలో చలికాలం ఐస్ హాకీ, ఐస్ తీసేశాక అదే రింక్‌లో బాక్స్ లక్రాస్ ఆడతారు, చిన్న చోటు, చిన్న గోల్, ఇద్దరిద్దరు కలిసి అడ్డం నిలబడి సందు చేసుకుని దగ్గర నుంచి షాట్. ఆ ఆటని పెద్ద గ్రౌండ్‌లోకి తెచ్చారు. వెస్లీ బర్గ్ లాంటి బ్రిటిష్ కొలంబియా పిల్లల్ని తెచ్చుకున్నారు, అమెరికా ఆదివాసుల్లో సెనెకా తెగకి చెందిన జాక్ మిల్లర్ వచ్చాడు. లాంగ్ ఐలాండ్ పిల్లల కోసం పదిమందితో కొట్టుకునే బదులు వేరే చోట వెతికారు.

2011లో సెమీస్‌కి వెళ్ళారు, పడమటి నుంచి అంతదూరం వెళ్ళిన మొదటి టీమ్, వర్జీనియా చేతిలో ఓడారు. 2013 సెమీస్ సిరక్యూస్ మీద ఒక్క గోల్‌తో పోయింది, 2014 సెమీస్ డ్యూక్ మీద పోయింది. 2015లో నోటర్ డేమ్‌ని ఓవర్‌టైమ్‌లో పదకొండు పదితో కొట్టి, మెమోరియల్ డే రోజు ఫిలడెల్ఫియాలో ఫైనల్ మేరీలాండ్‌తో. మా ఇల్లంతా మేరీలాండ్ జెర్సీలు. పది ఐదు. బర్గ్ ఒక్కడే ఐదు గోల్స్, అంటే మా టీమ్ మొత్తం కొట్టినన్ని వాడొక్కడే కొట్టాడు. మేరీలాండ్ లాంటి టీమ్‌ని ఫైనల్లో ఐదు దగ్గర ఆపేశారు, మళ్ళీ అదే స్లైడ్స్, కాకపోతే కోచ్ జుట్టు తెల్లబడింది. నేను రాత్రి అన్నం తినలేదు.

ట్రెవర్, అదే 2001 కీపర్, డెన్వర్‌లో కొన్నేళ్ళు నాన్న దగ్గర అసిస్టెంట్‌గా చేశాడు. టియర్నీ అన్న కొడుకో తమ్ముడి కొడుకో సెథ్ టియర్నీ హాఫ్‌స్ట్రాకి హెడ్ కోచ్. రిటైర్ అయ్యాక ఆ కుర్చీలో కూర్చుంది మ్యాట్ బ్రౌనే, 2024లో డెన్వర్‌ని మళ్ళీ ఫైనల్ ఫోర్‌కి, అంటే సెమీస్‌కి, తీసుకెళ్ళాడు. పెద్దాయన మాత్రం ఇంట్లో కూర్చోలేదు, ప్రో లీగ్‌లో వాటర్‌డాగ్స్‌కి కోచ్ అయ్యాడు.

ఇద్దరాడపిల్లల_తల్లి:

మగవాళ్ళ లెక్కలేనా అందరూ? ఏడు టైటిల్స్ అని మురిసిపోతున్నారు, సిండీ టిమ్‌చల్ పేరు విన్నారా ఎవరైనా. మేరీలాండ్ అమ్మాయిల టీమ్‌తో ఎనిమిది. అందులో 1995 నుంచి 2001 దాకా వరసగా ఏడు, మధ్యలో ఒక్క ఏడాది కూడా వేరేవాళ్ళకి ఇవ్వలేదు. తర్వాత నేవీకి వెళ్ళి అక్కడ టీమ్‌ని మొదట్నుంచి కట్టింది, 2017లో ఫైనల్ ఫోర్‌కి తీసుకెళ్ళింది, ఐదొందల గెలుపులు దాటింది. లాంగ్‌పోల్ బాబూ, మీ మేరీలాండే, నువ్వైనా చెప్పాలి కదా.

ఆవిడ దగ్గర ఆడిన అమ్మాయి కెల్లీ అమాంటె హిల్లర్. షికాగో పక్కన నార్త్‌వెస్టర్న్‌లో టీమ్ మూసేసి ఏళ్ళయింది, క్లబ్ ఆట తప్ప ఏమీ లేదు, 2002 సీజన్‌కి మళ్ళీ మొదలుపెడుతూ కెల్లీని కోచ్‌గా పెట్టుకున్నారు. క్యాంపస్‌లో జాగింగ్ చేస్తున్న కవలలు, కోస్టర్ అక్కచెల్లెళ్ళు, కనిపిస్తే ఆపి మా టీమ్‌లోకి వస్తారా అని అడిగింది, వాళ్ళకి లక్రాస్ రాదు. వచ్చారు, నేర్చుకున్నారు. 2005లో ఇరవై ఒక్క మ్యాచులు, ఒక్కటి ఓడకుండా టైటిల్. 2005 నుంచి 2012 మధ్య ఎనిమిదేళ్ళలో ఏడు టైటిల్స్, 2023లో ఎనిమిదోది. ఆడటమే రానివాళ్ళని రోడ్డు మీద చూసి టైటిల్ టీమ్ చేసింది అంటే ప్రిన్స్‌టన్ పేరు కంటే పెద్ద కథ కాదా అది?

మా చిన్నది ఆడుతోంది కాబట్టి చెప్తున్నా, అమ్మాయిల ఆట రూల్స్ వేరు, కర్రతో అంత గట్టిగా కొట్టుకోడానికి లేదు, గోలీకి తప్ప హెల్మెట్ తప్పనిసరి కాదు, కళ్ళకి గాగుల్స్ చాలు. అందుకని తేలికని కాదు. మా దానికి మోకాలు వాచిన రోజున దాని కోచ్ రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి ఐస్ పెట్టావా అనడిగింది. టైటిల్స్ ఏమీ లేని మామూలు స్కూల్ కోచ్ ఆవిడ.

కొలరాడో_కాపురం:

అందరికీ చాలా థాంక్సండీ, ఇంత వస్తుందనుకోలేదు. వారియర్ అని ఉందండీ కర్ర మీద, తమ్ముడు చెప్పినట్టే. మావాడికి ఈ పేజీ మొత్తం చదివి వినిపించా, వాడికి తెలుగు చదవడం రాదు, కోస్టర్ కవలల దగ్గర నవ్వాడు, 2001 మ్యాచ్ దగ్గర ఫోన్ తీసి వీడియో వెతికాడు. మొహమాటంలేదు గారూ, మీరు చెప్పినవి కూడా మొత్తం వినిపించా, మా ఆవిడ అక్కడ మాత్రం రెండుసార్లు చదివించింది.

ఇంకొక్కటి అడుగుతా. కాలేజీలో ఆడకుండా కోచ్ అవ్వలేరు కదా? మరి కాలేజీ వాళ్ళు ఎప్పుడు పిలుస్తారు, మేమే ఫోన్ చెయ్యాలా? టెన్త్ గ్రేడ్ అంటే లేటా? ఇక్కడి పేరెంట్స్ కొందరు మీవాడు ఏ క్లబ్, ఏ టోర్నమెంట్ అని అడుగుతుంటే నాకు ఇంటర్ రోజుల్లో మా నాన్న ఎంసెట్ కోచింగ్ సెంటర్ల గురించి వాకబు చేసినట్టుంది.

లాంగ్‌పోల్_తమ్ముడు:

లేట్ కాదు అంకుల్. ఇంతకుముందు ఎయిత్ గ్రేడ్, నైన్త్ గ్రేడ్ పిల్లలు కూడా కాలేజీకి మాట ఇచ్చేసేవాళ్ళు, చాలా దారుణంగా ఉండేది, కోచ్‌లే గోల పెట్టి 2017లో రూల్ మార్పించారు. ఇప్పుడు లెవెన్త్ గ్రేడ్ సెప్టెంబర్ 1 దాకా డివిజన్ వన్ కోచ్ మీ అబ్బాయితో రిక్రూటింగ్ మాట్లాడకూడదు. ఈలోపు వాడి ఆట వీడియోలు దాచిపెట్టండి, మార్కులు పడిపోకుండా చూడండి. డివిజన్ టూ, త్రీ టీములు కూడా చాలా ఉన్నాయి, డివిజన్ త్రీలో ఆట స్కాలర్‌షిప్ ఉండదు గానీ కోచ్ అవ్వాలనుకునేవాళ్ళు అక్కణ్ణుంచి బోలెడంతమంది వచ్చారు. టియర్నీ మొదటి కాలేజీ హెడ్ కోచ్ ఉద్యోగమే డివిజన్ త్రీ కదా.

మొహమాటంలేదు:

స్కాలర్‌షిప్ మీద ఆశ పెట్టుకోకండి మాత్రం. చాలా ఏళ్ళు డివిజన్ వన్ మగవాళ్ళ టీమ్‌కి మొత్తం 12.6 స్కాలర్‌షిప్పులే పరిమితి, యాభైకి దగ్గర పిల్లలు ఉంటారు టీమ్‌లో, పంచితే తలా పావు వంతు వస్తే గొప్ప. 2025 నుంచి కోర్టు సెటిల్‌మెంట్ తర్వాత లెక్క మారింది, కానీ రూల్ ఒప్పుకున్నంత మాత్రాన స్కూళ్ళు డబ్బు కుమ్మరించవు. క్లబ్ ఫీజులు, ఎండాకాలం టోర్నమెంట్లకి విమానం టికెట్లు, హోటళ్ళు, అన్నీ కూడితే మీరే కాలేజీకి ముందే ఒక సెమిస్టర్ ఫీజు కట్టేసినట్టు. ఆడించండి, వద్దనట్లేదు, ఎక్సెల్ షీట్ ఒకటి పెట్టుకుని ఆడించండి.

ఎడిసన్_పాతకాపు:

ఈయన ఊరుకోడు :) కానీ చెప్పింది నిజమే.

కోచ్ అవ్వాలని ఉన్నవాడికి నేను చెప్పేది ఒకటుంది. ఈ ఎండాకాలం మీ ఊరి రిక్రియేషన్ లీగ్‌లో థర్డ్ గ్రేడ్ ఫోర్త్ గ్రేడ్ పిల్లలకి వాలంటీర్‌గా వెళ్ళమనండి. పదిహేను మంది చిన్నపిల్లలు, పదిహేను కర్రలు, ఒకడు ఏడుస్తుంటాడు, ఒకడికి హెల్మెట్ బిగుసుకుపోయి రాదు, ఇంకొకడు గడ్డి పీకుతుంటాడు, వాళ్ళ చేత గ్రౌండ్ మీద బంతిని తియ్యడం నేర్పించాలి. వారం పోయాక కూడా వాడు మళ్ళీ వెళ్తానంటే మీరు ఎక్సెల్ షీట్ తియ్యండి.

ఇంకా ఒక సంగతి, 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో క్రికెట్, లక్రాస్ రెండూ ఉన్నాయి. రెండిటికీ ఓకే చెప్పింది ఎక్కడో తెలుసా, మన ముంబైలో, 2023 అక్టోబర్‌లో ఒలింపిక్ కమిటీ మీటింగ్ అక్కడే జరిగింది. లక్రాస్ మాత్రం ఆరుగురి ఆట, సిక్సెస్ అంటారు, గ్రౌండ్ చిన్నది. ఈ ఆటని పుట్టించిన హౌడెనొసౌనీ (ఉత్తర అమెరికా ఆదివాసీ తెగల కూటమి) వాళ్ళు తమ సొంత జెండాతో ఆడతామని అడుగుతున్నారు, వరల్డ్ ఛాంపియన్‌షిప్‌లో ఆడతారు గానీ ఒలింపిక్ కమిటీ లెక్కలో వాళ్ళది దేశం కాదట. నాకైతే అది చాలా అన్యాయం అనిపిస్తుంది, దాని గురించి వేరే థ్రెడ్ వేస్తా.

కొలరాడో_కాపురం:

వెయ్యండి, తప్పకుండా చదువుతా. రిక్రియేషన్ సెంటర్‌కి ఇవాళే మెయిల్ పెట్టించా వాడిచేత, పద్నాలుగేళ్ళు దాటితే చాలట. ఫిబ్రవరిలో డెన్వర్ సీజన్ మొదలవగానే బార్టన్ స్టేడియంకి వెళ్దామనుకుంటున్నాం, ఈ చుట్టుపక్కల ఉన్న తెలుగువాళ్ళెవరైనా వస్తానంటే మెసేజ్ చెయ్యండి, పులిహోర మాది.